పసుపు పట్టిన కార్డులు

ఇంకో ఇద్దరు ఎక్కితే ఆటో కదులుతుంది. అప్పటిదాకా దిగిపోవచ్చు. సుకుమార్ వెనక సీటు అంచున కూర్చుని, పాత దుప్పటిలో చుట్టిన పటాన్ని మోకాళ్ళ మధ్య నిలబెట్టి రెండు చేతులా పట్టుకున్నాడు. ఎడమ కాలు లోపల ఉంది, కుడి కాలు ఇంకా ఆర్మూర్ నేల మీదే ఉంది. ఆ కాలు లోపలికి తీసుకుంటే మెండోర. తీసుకోకపోతే నడిచి ఇంటికి. మెండోరలో మంగ అక్క కొత్త ఇంట్లో పొద్దున్నే పాలు పొంగించి ఉంటారు. భోజనాలకు ముందు ఆమెకు ఒడిబియ్యం పోయాలి, అది పుట్టింటివాళ్ళు పోయాలి, అమ్మానాన్నా పోయాక పుట్టిల్లంటే తానొక్కడే. ఆమె తనతో మాట్లాడి రెండేళ్ళయింది. పిలుపు కూడా ఆమె పిలవలేదు, బావ భూమయ్య ఫోన్ చేశాడు. "నేను పిలుస్తున్న బామ్మర్దీ. మీ అక్క పిలుస్తలేదు, వద్దని గూడ అంటలేదు. ఇగ నీ ఇష్టం." భార్య కరుణశ్రీ బియ్యం మూటా చీరా గాజులూ పట్టుకుని తెల్లవారగానే బస్సులో వెళ్ళిపోయింది. పటం చెక్కకు వేసిన వార్నిష్ ఆరలేదని చెప్పి తాను ఆగాడు. వార్నిష్ నిన్న మధ్యాహ్నమే ఆరింది. కరుణశ్రీకి అది తెలుసు, వేలితో తాకి చూసి మరీ వెళ్ళింది.

"అన్నా, గదేంది, అద్దమా?" అన్నాడు డ్రైవర్ లోకేశ్, స్టీరింగ్ మీద మోచేతులు పెట్టి. "మీద పెట్టనా, తాడు కడ్తా."

"వద్దు. నా తాననే ఉండనీ."

"పల్గితే నాకు సంబంధం లేదు మల్ల."

పక్కన నడిపయ్య అనే ముసలాయన, బాల్కొండ దాకా పోయేవాడు, దుప్పటిని వేలితో పొడిచి చూశాడు. "దేవుని పటమా?"

"కాదు పెద్దయ్యా. బొమ్మ. క్రికెట్ ఆడేటోళ్ళది."

"కొత్తింటికి తీస్కపోతున్నవా? కొత్తింట్ల లక్ష్మీదేవిని పెడ్తరు గని, బ్యాట్లు పట్టుకున్నోళ్ళను పెడ్తరా?" అని, కాసేపు ఆలోచించి, "ఏమో, ఇప్పటి పోరలు ఏమన్న పెడ్తరు," అని తనకు తానే సర్ది చెప్పుకున్నాడు.

సుకుమార్‌కు నలభై అయిదు దాటాయి. పోరడు అనిపించుకున్నందుకు నవ్వు రావాలి, రాలేదు. పసుపు బస్తాల లారీ ఒకటి రోడ్డు మీద వంగి వంగి పోయింది, దాని వెనకే ఆ వాసన. మాఘం నుంచి ఉగాది దాకా ఈ ఊళ్ళో ఎవరి ముక్కుకూ ఆనని వాసన అది, ఎందుకంటే అందరి ముక్కుల్లోనూ అదే ఉంటుంది. అతనికి మాత్రం ఆ వాసన అంటే అక్క చేతులు. మోచేతుల దాకా పసుపు, గోళ్ళ సందుల్లో పసుపు, కనుబొమల మీద పసుపు. తూకం వేసే దడవాయి అరుపులు ముగిశాక, కమీషన్ మీద పసుపు అమ్మిపెట్టే ఆడ్తి దుకాణం వెనక వాకిట్లో ఆడవాళ్ళు వరసగా గొంతు కూర్చుని రాశి ఏరేవారు, కొమ్ములు ఒక వైపు, గుండ్రటి గోళలు ఒక వైపు, విరిగినవి చేటలోకి. అక్క కూడా అందులో ఒకతె, బడి మానేసిన ఏడాది నుంచీ. తమ్ముడు బడి మానకూడదని ఆమే మానేసింది, ఎవరూ మానమనలేదు, అట్లా జరిగిపోయింది. సాయంత్రం ఇంటికి వస్తూ బస్టాండు దగ్గర బబుల్‌గమ్ కొనేది. లోపల ఒక కార్డు ఉండేది, మీద క్రికెట్ ఆటగాడు. కార్డు తమ్ముడికి, గమ్ము తనకు. ఆమె నమిలి ఉబ్బించిన బుడగ కూడా పచ్చగానే ఉండేది, ఆ వేళ్ళతో విప్పితే మరెట్లా ఉంటుంది. ప్రతి కార్డు మూల మీదా ఆమె బొటనవేలి ముద్ర. బళ్ళో పిల్లలకు చూపించే ముందు తాను ఆ మూలను చొక్కా అంచుకు రుద్ది రుద్ది తుడిచేవాడు. అప్పటి నుంచే, అంటే మొదటి రోజు నుంచే, తాను అక్క పసుపును తుడుస్తూనే ఉన్నాడు. ఈ సంగతి ఇప్పుడు తట్టింది. ఆటోలో. ఎందుకు ఎప్పుడూ ఆలస్యంగానే తడుతుంది.

ఎదురుగా మిద్దె గోడ మీద కట్టిన ఫ్లెక్సీ గాలికి లేచింది, కింద పాత అక్షరాలు కనబడి మాయమయ్యాయి. ఎరువుల దుకాణం పేరు, అంచుకు నీలం నీడ. తన చెయ్యే. ఈ ఊళ్ళో ఒకప్పుడు ఏ గోడ చదివినా తన చెయ్యే. పదో తరగతి తప్పాక నిజామాబాద్‌లో ఒక పెయింటర్ దగ్గర చేరాడు, అదే ఏడు అక్కకు మెండోరలో పెళ్ళయింది, పోతూ పోతూ కార్డుల డబ్బా తనతో తీసుకుపోయింది. "ఇంట్ల ఉంటే ఎలుకలు కొడ్తయిరా తమ్మీ. నా తాన పైలంగ ఉంటయి." పైలంగానే ఉంచింది. ప్రతి ఏడూ చేలో పసుపు ఉడకబెట్టి, ఎండబెట్టి, పట్టించాక, కొత్త పొడి ఒక దోసెడు ఆ డబ్బాలో చల్లేది. పురుగు పట్టకూడదని. ఈ వైపు వాళ్ళకు దాచుకోవడం అంటే అదే, విత్తనాలైనా, అమ్మ పెళ్ళిచీరైనా, భూమి కాగితాలైనా, దేనికి విలువ ఉందనుకుంటే దానికి పసుపు చల్లుతారు. మెండోర గాలి తడిగాలి, పోచంపాడు ప్రాజెక్టు నీళ్ళ పక్క ఊరు. వానాకాలం చెమ్మకు ఆ పొడి కరిగి కార్డుల్లోకి దిగింది, అంచుల నుంచి మధ్యకు, ఒక ఏడాది గడ్డి దాకా, ఇంకో ఏడాది ఆటగాడి బూట్ల దాకా, మరో ఏడాది మోకాళ్ళ దాకా. ఆమెకు తెలియదు. ఆమె మూత తీసేది, చల్లేది, మూసేది. తనవి కాని వస్తువులను బయటికి తీసి చూడటం ఆమెకు అలవాటు లేదు.

ఒక ఆడమనిషి ఎక్కింది, ఒళ్ళో కోడిపెట్ట. ఇంకొక్కరు.

గోడల పని పోయి ఫ్లెక్సీలు వచ్చాయి, తాను అదే ఫ్లెక్సీ దుకాణంలో కంప్యూటర్ ముందు కూర్చుని పుట్టినరోజు ఫోటోలకు వెనక ఆకాశం మారుస్తున్నాడు. అది కూడా బతుకే, ఏం కాదు. కానీ హైదరాబాద్ నుంచి పాత వస్తువులు సేకరించే ఒక మనిషి ఫోన్ చేసినప్పుడు, పాత కార్డులు శుభ్రంగా ఉంటే మొత్తం తీసుకుంటానన్నప్పుడు, సొంతంగా ఒక చిన్న గది తీసుకుని మళ్ళీ కుంచె పట్టుకోవచ్చని ఎంత దూరం ఆలోచించాడు. గది తలుపుకు ఏ రంగు వెయ్యాలో కూడా అనుకున్నాడు. బావతో డబ్బా తెప్పించాడు, తెరవకుండానే పెట్టాడు, ఆ మనిషి వచ్చాకే తెరవాలని. ఆ మనిషి వచ్చాడు. మూత తీశాడు. పై కార్డు పట్టుకున్నాడు, కింద కార్డు పట్టుకున్నాడు, మధ్యలోంచి ఒకటి లాగాడు. జేబులోంచి రుమాలు తీసి వేళ్ళు తుడుచుకున్నాడు. ఒక్కొక్క వేలు. ఇవి పనికిరావని అనేసి ఉంటే బాగుండేది. అనకుండా తుడుచుకున్నాడు, అదే లోపల అంటుకుంది, ఆ సాయంత్రం దాకా మండింది, మండుతుండగానే అక్కకు ఫోన్ చేశాడు. "జిందగంత పసుపు ఏరినదానివి, నీకు వీటి విలువ ఏం తెలుస్తది? అన్నిటికీ పసుపేనా? ఖరాబ్ చేసి పెట్టినవ్." అవతల ఆమె ఏదో అనబోయింది. వినకుండా పెట్టేశాడు.

పసుపు ఏరినదానివి. ఆ ఏరిన చేతుల వల్లే కదా తాను అక్షరాలు నేర్చింది, గోడల మీద రాసింది ఆ అక్షరాలే కదా. కోపం తెల్లారేసరికే పోయింది. ఫోన్ తియ్యాలి, అక్కా నోరు జారిన అనాలి, అంతే పని. సాయంత్రం చేద్దాం అనుకున్నాడు, ఆదివారం చేద్దాం అనుకున్నాడు, రాఖీకి ఆమే వస్తుంది కదా అప్పుడు అందాం అనుకున్నాడు. రాఖీకి ఆమె రాలేదు. ఆ పూటంతా కుడి మణికట్టు ఖాళీగా ఉందని ఎవరైనా చూస్తారేమోనని పొడుగు చేతుల చొక్కా వేసుకున్నాడు. ఒకసారి బయల్దేరి బాల్కొండ దాకా పోయాడు కూడా, అక్కడ టీ తాగి వెనక్కి వచ్చేశాడు. కరుణశ్రీ అడిగితే ఆటోలు దొరకలేదన్నాడు.

"ఇంకెంత సేపురా లోకేశా," అన్నాడు నడిపయ్య. "కోడి గుడ్డు పెట్టేటట్టున్నది."

"పెడ్తే దాని టికెట్ గూడ తీస్కుంటా, తాతా."

డబ్బా పారేద్దామనే అనుకున్నాడు. పారెయ్యలేక, ఒక సెలవు రోజు దూదీ నీళ్ళూ పెట్టుకుని ఒక్కొక్క కార్డూ తుడవడం మొదలుపెట్టాడు. పైన పొడి పోయింది, లోపలికి దిగింది పోలేదు. ఒక వికెట్ కీపర్ కార్డు. గొంతు కూర్చున్నాడు, రెండు చేతులూ దోసిలిగా ముందుకు చాచి, చూపు కింద, బంతి కోసం. అతని ముందు నేలంతా పసుపు. చెయ్యి ఆగిపోయింది. అది కీపర్ కాదు. ఆ కూర్చోవడం, ఆ మడమల మీద బరువు, ఆ మెడ వంపు, ఆడ్తి వాకిట్లో రాశి ముందు కూర్చున్న అక్క. టోపీని తల గుడ్డగా మారిస్తే చాలు, చేతి తొడుగుల మీద వేళ్ళు గీస్తే చాలు. అంతకంటే ఒక్క గీత ఎక్కువ అక్కర్లేదు. ఇంకో కార్డులో స్లిప్‌లో వంగిన ముగ్గురు, వాళ్ళు చేట పట్టుకున్న ముగ్గురు ఆడవాళ్ళు. చెయ్యి పైకెత్తిన బౌలర్ బస్తా భుజానికెత్తుకుంటున్న హమాలీ. బ్యాటు చివర నేలకానించి నిలబడినవాడు పార పట్టుకున్న మనిషి. ఆ రాత్రి నిద్ర రాలేదు, భయం వల్ల కాదు, ఎన్నో ఏళ్ళ తరవాత చెయ్యి తీట పెట్టడం వల్ల.

చలికాలమంతా అదే పని. సన్నటి గరుకు కాగితంతో కార్డు నునుపు తీసి రంగు పట్టేలా చేశాడు, అంచులు కత్తిరించి చెక్క మీద అతికించాడు, పక్కపక్కన పేర్చుకుంటూ పోతే మొత్తం ఆడ్తి వాకిలి అయింది, వరస వెనక వరస ఆడవాళ్ళు, మధ్యలో అక్క. తెల్లది, నల్లది, గోధుమది, ఎర్రది, అన్ని రంగులూ వాడాడు. పసుపు రంగు డబ్బా మాత్రం మూత తియ్యలేదు. రాశులు గియ్యలేదు. ఆ చెమ్మ మరకలే రాశులు, కార్డు నుంచి కార్డుకు కలుపుతూ పోతే కుప్పలు కుప్పలుగా అవే లేచాయి, ఇన్నేళ్ళు ఆమె చల్లిన దోసెళ్ళు. పని పూర్తయ్యాక దూరం జరిగి చూస్తే, బొమ్మలో సగం తాను వేసింది కాదు. అది ఆమెకు చెప్పాలి. నోరు జారిన అని కాదు, ఆ మాట పాతబడిపోయింది. ఇదిగో అక్కా, నువ్వు ఖరాబ్ చెయ్యలే, నువ్వు సగం వేసి పెట్టినవ్, అని చెప్పాలి. ఆ ఒక్క మాట ఆమె ముందు నిలబడి అనగలిగితే చాలు. అనగలడా. ముఖం తిప్పుకుంటే. నలుగురిలో, ఎందుకొచ్చినవురా అంటే.

ఫోన్ మోగింది. కరుణశ్రీ. గొంతు తగ్గించి మాట్లాడుతోంది. "ఏడున్నవ్? పంతులు తొందర పెడ్తుండు. వదినె పీట మీద కూసున్నది. నేనొక్కదాన్నే పొయ్యాల్నా?"

"అక్క ఏమన్నది?"

"ఏమంటది. వాకిలి దిక్కు చూస్తున్నది."

కుడి కాలు లోపలికి తీసుకున్నాడు. "లోకేశ్, ఆఖరి సీటు గూడ నాదే. నడువు."

పెర్కిట్ దాటింది, పెద్ద రోడ్డు ఎక్కింది, రెండు వైపులా కళ్ళాల్లో ఆరబోసిన పసుపు, టార్పాలిన్ల మీద, మైదానాల మీద, కొన్ని చోట్ల కొమ్ములకు మెరుగు పెట్టే డ్రమ్ములు తిరుగుతున్నాయి, పొట్టు గాలిలో లేస్తోంది. వాకిలి దిక్కు చూస్తున్నది. తన కోసమా, వచ్చేపోయేవాళ్ళ కోసమా. తన కోసమే అనుకుందాం. రెండేళ్ళు. ఆ వాకిలి వైపు ఆమె ఎన్నిసార్లు చూసి ఉంటుందో, తాను బాల్కొండలో టీ తాగి వెనక్కి తిరిగిన రోజు కూడా చూసి ఉంటుందో ఏమో. బాల్కొండ వచ్చింది. నడిపయ్య దిగుతూ, "అక్కనా, చెల్లెనా?" అన్నాడు. ఫోన్ మాటలు విన్నట్టున్నాడు. అక్క అన్నాడు సుకుమార్. "అయితే ఫికర్ లేదు. తిట్టి అన్నం పెడ్తది," అని ముసలాయన కర్ర పట్టుకుని పోయాడు.

మెండోరలో షామియానా, కొత్త సున్నం వాసన, కూరల వాసన. ఆడవాళ్ళు దారి ఇచ్చారు. అక్క పీట మీద కొత్త చీరలో ఒడి చాచుకుని కూర్చుంది, చెంపల దగ్గర వెంట్రుకలు నెరిశాయి, రెండేళ్ళలో ఇంత నెరుస్తాయా. అతన్ని చూసింది. దుప్పటి మూట చూసింది. మళ్ళీ తన ఒడి వైపు చూసుకుంది.

"కాళ్ళు కడుక్కొని రా," అంది.

అంతే. గొంతు మాత్రం మామూలుగానే ఉంది, నిన్న కూడా మాట్లాడిన మనిషికి చెప్పినట్టే ఉంది. అతను కరుణశ్రీతో కలిసి దోసిట్లో పసుపు బియ్యం తీసుకుని ఆమె ఒడిలో పోశాడు, మళ్ళీ పోశాడు, అరచేతులు పచ్చబడ్డాయి, ఇప్పుడు చెప్పాలి అనుకున్నాడు, పంతులు మంత్రం ఎత్తుకున్నాడు, పోశాక చెబుదాం అనుకున్నాడు, ఆడవాళ్ళు హారతికి ముందుకు వచ్చారు.

భోజనాలయ్యాక భూమయ్యే దుప్పటి విప్పాడు. చుట్టూ జనం మూగారు. అక్క చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి నిలబడి, చాలాసేపు చూసింది. వేలితో అద్దం మీద మధ్యలో తాకింది.

"గీ కూసున్నది నేనే గదరా."

"నువ్వే అక్కా."

"నా ముక్కు గింత లావుంటదా?"

"ఇంక లావుంటది," అన్నాడు భూమయ్య. "మీ తమ్ముడు మర్యాదకు తగ్గించిండు." అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

"అక్కా, ఆ రోజు నేను..." అన్నాడు సుకుమార్.

"అయిపాయె, తియ్యి." ఆమె ఇంకా బొమ్మనే చూస్తోంది. "ఇవన్ని నీ అట్టలేనా? గా డబ్బలయి?" అని అడిగి, అతను తలూపగానే పటాన్ని రెండు చేతులా ఎత్తుకుంది. భూమయ్య హాల్లో సోఫా మీది గోడ చూపిస్తుంటే వినకుండా అరుగు మీదికి నడిచింది. వాకిలి పక్క గోడ, పడమటి వైపు, మధ్యాహ్నం నుంచి పొద్దు గుంకే దాకా నిండుగా ఎండ పడే గోడ. ఇప్పుడు కూడా తెల్లగా మెరుస్తోంది, చూడలేనంత. "ఈడ పెట్టున్రి."

"లోపల పెట్టుకో అక్కా. ఈడ ఎండ కొడ్తది."

"ఎండ కోసమేరా." ఆమె అతని వైపు తిరిగింది. ఆ ముఖంలో కోపం లేదు, ఎన్నాళ్ళుగానో దాచిపెట్టుకున్నది ఇచ్చేసే మనిషి ముఖం అది. "పసుపు ఎండకు నిలుస్తదా? నా కొంగులన్ని ఎండల ఆరేస్తే గట్లనే పసుపు ఇడిసినయి. ఆ దినమే చెప్దామనుకున్న, అట్టలు ఎండల పెట్టు తమ్మీ, నీవి నీకు తెల్లగైతయి అని. నువ్వు ఇనకుండ ఫోన్ పెట్టేస్తివి. నేను ఖరాబ్ చెయ్యలేరా. నువ్వే చూడు, ఈ ఎండకాలం పోనీ, కొత్తయి లెక్క అయితయి."

రాశులు పోతాయి. ముందు లేతబడతాయి, తరవాత మసకబడతాయి, వానలు పడే నాటికి ఏమీ ఉండవు. వరస వెనక వరస ఆడవాళ్ళు ఉత్త నేల మీదికి వంగి, ఖాళీ చేతులు చాచి కూర్చుని ఉంటారు, మధ్యలో అక్క. ఆ పసుపే అక్కా బొమ్మ, దాన్నే నీకు తెచ్చిన. మాట నాలుక దాకా వచ్చింది. చెబితే ఏమవుతుంది. నలుగురి ముందు మళ్ళీ ఒకసారి, పసుపు గురించి, నీకు తెలియదని తాను ఆమెకు చెప్పినట్టు అవుతుంది. రెండేళ్ళు ఆమె ఈ ఒక్క మాట పట్టుకుని ఉంది, తాను పాడు చెయ్యలేదన్న మాట. దాన్ని రుజువు చేసుకోవడానికి ఇప్పుడు ఆమెకు ఒక గోడా, ఒక ఎండాకాలమూ దొరికాయి. ఆ సాయంత్రం ఒక్క నిమిషం ఫోన్ పట్టుకుని ఉంటే, ఆమె చెప్పింది విని ఉంటే, ఈ బొమ్మే ఉండేది కాదు, ఆ కార్డులు ఏ గోడ మీదో ఆరుతూ ఉండేవి, అక్క ప్రతి రాఖీకీ వచ్చేది. ఏది పోగొట్టుకున్నందుకు బాధపడాలో కూడా తెలియడం లేదు.

"ఏమంటవురా?" అంది అక్క.

"నువ్వన్నట్టే పెడ్దామక్కా."

భూమయ్య సుత్తి తెచ్చాడు. మేస్త్రీని పిలుస్తానంటే వద్దన్నాడు సుకుమార్. స్టూలు వేసుకుని ఎక్కాడు. అక్క కింద నిలబడి, కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని, ఇంకా పైకి, జర కుడి దిక్కు, అని చెబుతోంది. ఎండ బాగా పడే చోటు చూసి, మేకు గట్టిగా దిగేదాకా అతనే కొట్టాడు.